భయం ఇంటిదాకా వచ్చిన సినిమాలు

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే రూంలో ఆరుగురు ఉంటున్నారు. హారర్ సినిమాల టాప్ టెన్ రాద్దామని కూర్చుంటే మూడు రోజులైనా తెగలేదు. ఒకరు 'కంజురింగ్' తర్వాతే ఏదైనా అంటున్నారు. ఒకరు 'అరుంధతి' నంబర్ వన్ అంటుంటే, ఇంకొకరు అది అసలు హారరే కాదంటున్నారు. 'మసూద' తొమ్మిదో ప్లేసుకి జారిపోయిందని మీకు బాధ. ఎవరు రైటో చెప్పమన్నారు.

నేను ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల హాళ్లలో ముప్పై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. రీళ్ల కాలంలో మొదలుపెట్టి, హార్డ్ డిస్కులో సినిమా వచ్చే కాలందాకా క్యాబిన్‌లోనే ఉన్నాను. ప్రొజెక్టర్ పక్కన గోడకు చిన్న అద్దాల కిటికీ ఉంటుంది. ఫోకస్ సరిగ్గా ఉందో లేదో దాంట్లోంచే చూసుకోవాలి. తెరతో పాటు, తెర వెలుగులో జనం తలలు కూడా కనిపిస్తాయి. ఒకే సినిమాని రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి వేసేవాడికి కొన్నాళ్లకు తెరకన్నా ఆ తలలే ఎక్కువ కథ చెబుతాయి. కాబట్టి నా ర్యాంకులు అక్కడి నుంచి వచ్చినవి.

ముందుగా ఒక సంగతి. ఉలిక్కిపడటానికి మార్కులు వేయకండి. పక్కన బెలూన్ పగిలినా ఉలిక్కిపడతాం, వంటింట్లో కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతాం. అది ఒంటి సంగతి. అరనిమిషం సౌండ్ తగ్గించి ఒక్కసారిగా పెంచితే ఏ డైరెక్టరైనా ఆ పని చేయగలడు. హాలంతా ఒక్కసారి అరుస్తుంది, వెంటనే నవ్వుకుంటుంది. ఆ నవ్వు వినిపించిందంటే భయం బయటికి పోయినట్టే. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ 'ఎట్ల అరిసినవ్‌రా' అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. హాయిగా ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ అది ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో జెయింట్ వీల్ ఎక్కి దిగినప్పటి హాయి.

అసలు భయం ఎలా ఉంటుందో నాకు 'రాత్రి' చూపించింది. 1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన సినిమా, రేవతి హీరోయిన్, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మణిశర్మ. పాటలు లేవు, కామెడీ ట్రాక్ లేదు. మా హాల్లో సెకండ్ షో. ఖాళీ సినిమా హాల్లో రేవతి ఒంటరిగా మిగిలిపోయే సీను నడుస్తోంది. కిటికీలోంచి చూస్తుంటే బాల్కనీలో తలలు ఒక్కొక్కటిగా నాలుగు వేళ్ల ఎత్తు పైకి లేస్తున్నాయి. ముందు ఒకటి, దాని పక్కన ఇంకొకటి, అలా వరుసంతా. ఎవరూ అరవలేదు. ఏం జరుగుతోందో నాకు అర్థం కాలేదు. షో అయ్యాక టార్చి పట్టుకుని తిరిగే గేట్‌మన్ చెప్పాడు: అందరూ కాళ్లు పైకి లాక్కుని సీట్లో మఠం వేసుకుని కూర్చున్నారట. సీటు కింద చీకట్లో ఏదో ఉందనిపించింది వాళ్లకి. తాము కూర్చున్న సీట్లనే ఆ సినిమా అనుమానించేలా చేసింది.

రెండో సంగతి మా ఇంట్లో జరిగింది. అప్పుడు రాంనగర్‌లో ఉండేవాళ్లం. మా పెరట్లోకి ఒక పిల్లి వచ్చేది. మా అక్క రోజూ పొద్దున్నే దానికి గిన్నెలో పాలు పోసి, అది తాగుతుంటే పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. 'రాత్రి'లో కారు కింద పడి చచ్చిపోయిన పిల్లిని పాతిపెట్టే దగ్గరే గొడవంతా మొదలవుతుంది. అక్క సినిమా చూసొచ్చిన మర్నాటి నుంచి పాల గిన్నె గుమ్మం బయట పెట్టి, గబుక్కున తలుపేసుకుని, సందులోంచి చూసేది. పిల్లి తలెత్తి తలుపు వైపు చూస్తే లోపలికి పారిపోయేది. మళ్లీ మామూలుగా దాని పక్కన కూర్చోవడానికి పది రోజులు పట్టింది.

నా లెక్క అక్కడే కుదిరింది. ఆ సినిమా మీ ఇంట్లో దేన్ని పాడు చేసింది? ఎన్ని రోజులు పాడు చేసింది? ఈ రెండు ప్రశ్నలే. మీ ఆరుగురూ లిస్టు పక్కన పెట్టి, ఒక్కో సినిమాకి ఎదురుగా ఒక వస్తువు పేరు రాయండి. ఏ వస్తువూ గుర్తు రాకపోతే అది మంచి సినిమా అయ్యుండొచ్చు, హారర్ లిస్టులో మాత్రం పైకి పోదు.

ఈ లెక్కలో మీ గొడవ చాలావరకు తీరిపోతుంది, చూడండి.

'కంజురింగ్' సంగతి. 2013లో వచ్చింది, జేమ్స్ వాన్ తీశాడు. అందులో చప్పట్ల సీను గురించి మీ ఫ్రెండ్ చెప్పింది నిజం. కానీ అది ఎందుకు పనిచేసిందో గమనించారా? కళ్లకు గంతలు కట్టుకుని చప్పట్లు విని పట్టుకునే ఆటని ముందుగా పగటి వెలుగులో, పిల్లల నవ్వుల మధ్య చూపించాడు. మనం దాన్ని ఆటగానే ఒప్పుకున్నాం. ఆ తర్వాత చీకటి మెట్ల మీద తల్లి అగ్గిపుల్ల గీసినప్పుడు ఆమె వెనక నుంచి రెండు చేతులు చప్పట్లు కొడతాయి. మనకు నచ్చిన ఆటనే తిప్పి మన మీదకి వేశాడు. అంతవరకు గొప్ప పని. చివరి అరగంటలో కేకలు, కుర్చీలు ఎగరడం మొదలయ్యాక నా వరకు భయం తగ్గిపోతుంది. పది లోపల ఉంటుంది, మొదటి స్థానం ఇవ్వను.

ఆ చివరి అరగంటకు మూలం 1973 నాటి 'ఎక్సార్సిస్ట్'. విలియం ఫ్రీడ్‌కిన్ డైరెక్టర్. హారర్ సినిమా బెస్ట్ పిక్చర్ ఆస్కార్‌కి నామినేట్ అవ్వడం దానితోనే మొదలు. మొత్తం పది నామినేషన్లు, రెండు అవార్డులు. ఆ రెండింట్లో ఒకటి సౌండ్‌కి. పాప గదిలో అందరి నోట్లోంచి ఆవిరి వస్తుంటుంది కదా, అది ట్రిక్కు కాదు. సెట్టంతా పెద్ద కూలింగ్ మెషిన్లతో గడ్డకట్టించే చలికి దించి తీశారు. నటులు నిజంగానే వణికారు. అయినా నన్ను అన్నిటికంటే భయపెట్టింది దెయ్యం పట్టిన సీన్లు కాదు, అంతకుముందు ఆసుపత్రిలో చేసే పరీక్షలు. పాపని బల్ల మీద పడుకోబెట్టి మెడలో సూది గుచ్చి, చుట్టూ మెషిన్లు టకటకా కొట్టుకుంటుంటే తల్లి అద్దం అవతల నిలబడి ఉంటుంది. పిల్లల్ని ఎప్పుడైనా స్కానింగ్‌కి తీసుకెళ్లిన తల్లిదండ్రులకు ఆ సీను వేరేలా తగులుతుంది. మీ వయసులో తగలకపోవచ్చు. ఇంకో పదేళ్లకు మళ్లీ చూడండి.

'సైకో' 1960 నాటిది. హిచ్‌కాక్ షో మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని థియేటర్లకు షరతు పెట్టాడు. ఆపరేటర్‌గా ఆయనకి దండం పెట్టాలనిపించే విషయం అది. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తం బదులు చాక్లెట్ సిరప్ వాడారు. నిమిషం కూడా లేని ఆ స్నానాల గది హత్య అరవై ఏళ్లుగా బాత్రూం కర్టెన్లను పాడు చేస్తూనే ఉంది. మన ఇళ్లలో కర్టెన్లు తక్కువ కాబట్టి మన దగ్గర కాస్త తక్కువ పాడు చేసింది, అంతే.

ఇక టీవీ. మన ఇళ్లలో పొద్దున్న లేచింది మొదలు అది మోగుతూనే ఉంటుంది. జపాన్‌లో 1998లో హిడియో నకాటా 'రింగ్' తీసి దాన్ని ఒకసారి పాడు చేశాడు. నాకు మాత్రం దానికంటే దగ్గరగా తగిలింది 2009లో మాధవన్ చేసిన '13బి'. డైరెక్టర్ విక్రమ్ కుమార్, తర్వాత మనకి 'మనం' ఇచ్చాడు. కొత్త ఫ్లాట్‌లో దిగిన కుటుంబం. మధ్యాహ్నం ఆడవాళ్లు ఒక సీరియల్ చూస్తుంటారు. ఆ సీరియల్లో జరిగిందే తర్వాత వాళ్లింట్లో జరుగుతుంది. లిఫ్టు హీరో ఒక్కడు ఎక్కితే కదలదు. ఈ సీరియల్లో, ఈ లిఫ్టులో రక్తం ఎక్కడుంది? లేదు. కానీ మా అమ్మ భోజనం చేస్తూ సీరియల్ చూస్తుంటే, సీరియల్లో ఎవరికో జబ్బు చేసిందంటే, నేను రిమోట్ తీసుకుని చానెల్ మార్చేవాణ్ని. దాదాపు నెల రోజులు. మీ లిస్టులో ఇది లేదు. ఉండాలి.

'అవును' కూడా లేదు, అది పెద్ద లోటు. రవిబాబు 2012లో పూర్ణతో తీశాడు. దాదాపు ఒకే ఇల్లు, కొత్త దంపతులు, కంటికి కనపడనివాడు ఒకడు. కెమెరా ఆ అమ్మాయిని చూసే తీరులోనే ఇంట్లో మూడో మనిషి ఉన్నాడని మనకి తెలుస్తుంది, ఆమెకి తెలియదు. మీ రూంలో ఆరుగురూ మగపిల్లలే కాబట్టి ఇది మీకు తట్టలేదనుకుంటాను. ఈ సినిమా చూసొచ్చాక మా ఆవిడ బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టేది. ఏమిటని అడిగితే, 'గడియ పెట్టినా వాడు లోపలే ఉంటాడు కదండీ' అంది. హాస్టళ్లలో, పేయింగ్ గెస్ట్ ఇళ్లలో, ట్రయల్ రూముల్లో ఎవరైనా చూస్తున్నారేమోనని ఆడపిల్లలు రోజూ పడే టెన్షన్ అది. దానికి దెయ్యం వేషం వేశాడు, అంతే. మీ చెల్లెళ్లనో, క్లాస్‌మేట్స్‌నో అడిగి చూడండి. వాళ్లు రాసే టాప్ టెన్ వేరేగా ఉంటుంది.

ఇప్పుడు 'అరుంధతి'. 2009 సంక్రాంతికి వచ్చింది. కోడి రామకృష్ణ డైరెక్షన్, అనుష్క, సోనూ సూద్. హాల్లో ఆ సినిమా నడిపిన రోజులు నేను మర్చిపోలేను. పశుపతి గొంతు వినిపించగానే పిల్లలు తల్లుల ఒళ్లో ముఖం దాచుకునేవాళ్లు. ఆ గొంతు సోనూ సూద్‌ది కాదు, డబ్బింగ్ చెప్పిన రవిశంకర్‌ది. సినిమాకి సగం ప్రాణం అదే. అయితే నా లెక్కలో దీనికి వస్తువు దొరకదు. అది గద్వాల సంస్థానం కథ, కోట, సమాధి, పగ. మన మూడో అంతస్తు ఫ్లాట్‌లో కోట లేదు, సమాధి లేదు. పైగా పశుపతి డైలాగు నెల తిరక్కుండా ఇళ్లలో ఆటపాటగా మారిపోయింది. అన్నం తినని పిల్లాడి వెనకాల తల్లి గిన్నె పట్టుకుని 'వదల' అంటూ పరుగెత్తేది. భయం ముద్దుమాట అయిపోయాక అది భయం కాదు. జానపదం, పగ, దెయ్యం కలిపిన మన పెద్ద సినిమాల్లో దీనికి మొదటి వరుసలో పీట వేస్తాను. హారర్‌లో మాత్రం అది హారరే కాదన్న మీ ఫ్రెండ్ మాటే ఒప్పుకుంటాను. 'చంద్రముఖి' అయితే ఇంకా దూరం. దాని మూలం 1993 నాటి మలయాళం 'మణిచిత్రతాళు'లోనే దెయ్యం లేదు, మనసుకు పట్టిన జబ్బు ఉంది. శోభనకి జాతీయ అవార్డు తెచ్చిన పాత్ర అది. గొప్ప సినిమా, వేరే బెంచీ.

హారర్ కామెడీలను కూడా వేరే బెంచీ మీదే కూర్చోబెట్టండి. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' ఆడాక వరసగా వచ్చాయి: 'గీతాంజలి', 'రాజు గారి గది', 'ఆనందో బ్రహ్మ'. వీటిలో 'ఆనందో బ్రహ్మ' నాకు ఇష్టం, దెయ్యాలే మనుషులకి భయపడటం మంచి ఊహ. కానీ ఆ కొన్నేళ్లు దెయ్యం సినిమా అంటే కామెడీ ఉండాల్సిందే అన్న అలవాటు పడిపోయి, నిఖార్సైన భయం తీసేవాళ్లు తగ్గిపోయారని నా బాధ.

అందుకే 2022లో 'మసూద' వచ్చినప్పుడు అంత ఆనందపడ్డాను. సాయికిరణ్ డైరెక్టర్. మీరు తొమ్మిదో ప్లేసులో పెట్టిన సినిమా నా తెలుగు లిస్టులో రెండోది. రెండున్నర గంటలు దాటుతుంది, మొదటి సగం నెమ్మది అని మీవాళ్ల ఫిర్యాదు. ఆ నెమ్మదే దాని బలం. భర్త లేకుండా కూతుర్ని పెంచుకుంటున్న టీచరమ్మ, పక్క ఫ్లాట్‌లో తనకే ధైర్యం చాలని కుర్రాడు. వాళ్ల ఉద్యోగాలు, వాళ్ల మొహమాటాలు, కాలింగ్ బెల్ కొట్టాలా వద్దా అన్న సంకోచం మొత్తం మనకి అలవాటయ్యాకే అసలు సంగతి మొదలవుతుంది. సొంత కూతురితో రాత్రి ఒకే ఇంట్లో ఉండలేక ఆ తల్లి పక్కింటికి సాయం కోసం రావడం నాకు చాలా కొత్తగా, చాలా నిజంగా అనిపించింది. ఎవరిని చూసి భయపడాలో వాళ్లనే కాపాడుకోవాలి. సంగీత ముఖంలో ఆ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇది పాడు చేసేది అర్ధరాత్రి మోగే కాలింగ్ బెల్‌ని.

'విరూపాక్ష', 'పొలిమేర' గురించి మాట్లాడాలంటే కాస్త ఆగాలి. చేతబడి అనేది మన దగ్గర కథ మాత్రమే కాదు. తెలంగాణ పల్లెల్లో దాన్ని బాణామతి అంటారు. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్లని, ఒంటరి ఆడవాళ్లని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. నా చిన్నప్పుడు గోడల మీద, తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు కూడా చూశాను. ఆ రాత చూస్తే మాకు నవ్వు వచ్చేది కాదు, చీకటి పడితే ఆ తలుపు కొట్టడానికి చేయి ఆడేది కాదు. అందుకని చేతబడి సినిమా చూసేటప్పుడు, ఇది ఆ అనుమానాన్ని పెంచుతోందా లేక ఆ అనుమానం ఎంత భయంకరమో చూపిస్తోందా అని చూస్తాను. 2023 నాటి 'విరూపాక్ష' చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి తగలబెట్టే సీనుతో మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చే మంత్రాలు, కాకులు నన్ను అంతగా కదిలించలేదు. కాగడాలు పట్టుకుని నిలబడ్డ మామూలు మనుషుల ముఖాలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. అక్కడ దెయ్యం అక్కర్లేకపోయింది. ఆ పది నిమిషాలకే దానికి నా లిస్టులో చోటు. 'పొలిమేర' మంచి మలుపుల కథ, భయం తక్కువ.

పక్క భాషల్లో రెండు తప్పకుండా చేర్చండి. 2018 హిందీ 'తుంబాడ్' మొదటిసారి పెద్దగా ఆడలేదు. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. పిండిబొమ్మ చూశాక చపాతీ పిండి ముద్ద మామూలుగా కనపడదు. రెండోది 2022 మలయాళం 'భూతకాలం'. తల్లీకొడుకులు, ఒక ఇల్లు, దిగులు. దెయ్యం ఇంట్లో ఉందా, వాళ్ల మనసుల్లో ఉందా అన్నది చాలాసేపటి వరకు తేలదు. తల్లిగా ఎవరు వేశారో తెలుసా? రేవతి. 'రాత్రి'లో భయపడిన ఆ అమ్మాయి ముప్పై ఏళ్ల తర్వాత. దానికి ఆవిడకి కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 'రాత్రి', 'భూతకాలం' వరసగా రెండు రాత్రుల్లో చూడండి. అరవకుండా భయపడటం ఎలాగో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి, క్యాబిన్‌లో ఉన్నవాడిగా చెబుతున్నాను. మీరు ఏ సినిమాని ఎక్కడ చూశారో లిస్టు పక్కన రాసుకోండి. థియేటర్ సౌండ్ ప్రాసెసర్‌లో సౌండ్ పెంచే, తగ్గించే ఫేడర్ ఉంటుంది. ఏడు దగ్గర పెడితే, సినిమాకి శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్‌లో విన్నంత సౌండ్ వస్తుంది. చాలా హాళ్లలో నాలుగున్నరకో, ఐదుకో దించేస్తారు. పెద్ద శబ్దాలు అప్పుడు కూడా వినిపిస్తాయి. పోయేది చిన్న శబ్దాలే: పక్క గదిలో అడుగులు, నీటి చుక్క, ఊపిరి. హారర్ సినిమా ప్రాణమంతా వాటిలోనే ఉంటుంది. అలాగే ప్రొజెక్టర్ ల్యాంపు ఎక్కువ రోజులు రావాలని కరెంటు తగ్గించి నడిపితే చీకటి సీన్లలో నలుపు తప్ప ఏమీ కనపడదు. నేను పనిచేసిన ఒక హాల్లో మేనేజరు రెండూ చేయించేవాడు. ఒక మంచి దెయ్యం సినిమా మూడు రోజుల్లో ఎత్తేశారు. జనం 'ఏం లేదు అందులో' అంటూ బయటికి వస్తుంటే క్యాబిన్‌లో నాకు కడుపు రగిలిపోయింది. అందులో ఉంది. వాళ్లకి కనపడలేదు, వినపడలేదు.

రీళ్ల కాలంలో అయితే ఇంకో బాధ్యత ఉండేది. రీలు అయిపోవడానికి ఎనిమిది సెకన్ల ముందు తెర కుడివైపు పైమూలలో ఒక చుక్క మెరుస్తుంది. రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి. ఇంకో చుక్క రాగానే మార్చాలి. భయపెట్టే సీను మధ్యలో రీలు మారిందనుకోండి, అరసెకను తెల్ల తెర పడినా హాలంతా ఊపిరి వదిలేస్తుంది. మళ్లీ ఆ బిగువు రాదు. 'రాత్రి' నడిపిన రోజుల్లో ఆ చుక్క కోసం రెప్ప వేయకుండా చూసేవాణ్ని.

కాబట్టి ఫోన్‌లో, మధ్యాహ్నం పూట, మధ్యమధ్య వాట్సాప్ చూసుకుంటూ చూసిన సినిమాకి ఓటు వేసే హక్కు లేదని మీ రూంలో రూలు పెట్టండి. 'మసూద'ని తొమ్మిదికి దించినవాళ్లు ఎలా చూశారో అడగండి. రాత్రి పది దాటాక, లైట్లు తీసేసి, మంచి హెడ్‌ఫోన్స్‌తో ఒక్కరే చూడమనండి. వారం ఆగి, వస్తువు పేరు చీటీ మీద రాయించండి. ఒకరిది ఒకరికి చూపించొద్దు. ఒకే వస్తువు ఎక్కువ చీటీల్లో వస్తే ఆ సినిమా పైకి.

నా వరకు తెలుగులో 'రాత్రి', 'మసూద', 'అవును', ఆ తర్వాత 'విరూపాక్ష' మొదటి పది నిమిషాలు. అన్ని భాషలూ కలిపితే పైన 'ఎక్సార్సిస్ట్', దాని పక్కనే 'రాత్రి', కింద '13బి', 'భూతకాలం', 'సైకో', 'రింగ్'. 'తుంబాడ్', 'కంజురింగ్' వాటి తర్వాత.

మీ పదిలో 'రాత్రి' లేదు. ఆరుగురిలో ఒక్కరు కూడా చూడలేదని రాశారు. ఈ శనివారం దానితోనే మొదలుపెట్టండి. సెకండ్ షో అయ్యాక హాల్లో ఎవరైనా నిద్రపోయారేమోనని చూసి లైట్లు ఆర్పడం మా డ్యూటీ. ఆ సినిమా ఆడిన అన్ని రోజులూ నేనూ గేట్‌మన్ ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. ఆయన టార్చి సీట్ల మీద కాకుండా సీట్ల కింద వేసేవాడు. వరుస తర్వాత వరుస, చివరిదాకా.